రాయి లేని ఉంగరం

పెద్ద కోడలికి రాయి ఉన్న ఉంగరం వచ్చింది. చిన్న కోడలికి రాయి లేనిది వచ్చింది. అత్త దగ్గరున్నవే రెండు ఉంగరాలు. పంచేటప్పుడు ఆవిడ ఏ మొహమాటమూ పడలేదు.

"దాని వేళ్ళు సన్నగా పొడుగ్గా ఉంటాయి, వజ్రం నప్పుతుంది. నువ్వు రోజంతా సూది పట్టుకునేదానివి, నీకు రాయెందుకు? అంతగా కావాలంటే నీ మొగుడు పెట్టిస్తాడు. నేనేమైనా అడ్డం పడతానా?" అంది.

ఉంగరం నెత్తిన నాలుగు బంగారు గోళ్ళున్నాయి. ఒకప్పుడు అవి రాయిని పట్టుకుని ఉండేవి. ఇప్పుడు వాటి మధ్య పన్ను ఊడిన చిగురులా చిన్న గుంట మిగిలింది. చిన్న కోడలు ఇంట్లో కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతుంది. సందు చివరి కుట్టుపని షెడ్డు నుంచి పొద్దున్నే మూట వస్తుంది, సాయంత్రానికి తిరిగి వెళ్ళిపోవాలి. సూది లాగిన ప్రతిసారీ దారం పోయి ఆ గోళ్ళకే తగులుకునేది. విసుగొచ్చి ఉంగరం తీసి కిటికీలో పెడితే, "అప్పుడే మొహం మొత్తిందా?" అనేది అత్త. పెట్టుకుని పెళ్ళికి బయల్దేరితే, "ఆ బోసినోటి ఉంగరం వేసుకొచ్చి నలుగురిలో నా పరువు తీయకు" అనేది.

పెద్ద కోడలు వచ్చినప్పుడల్లా చెయ్యి వెలుతురుకేసి తిప్పుతూ మాట్లాడేది. "నీదాంట్లో ఓ కందిగింజ పెట్టుకోవే చెల్లీ. దూరం నుంచి కెంపులా ఉంటుంది" అని నవ్వేది. ఆ మాటకు అత్త కూడా నవ్వేది. కొన్నాళ్ళకు చిన్న కోడలి మొగుడూ నవ్వడం నేర్చుకున్నాడు.

అప్పుడే అనుకుంది ఆమె, ఎలాగైనా ఆ గుంటలో వజ్రం పెట్టించాలని. కెంపు కాదు, తెల్లరాయి కాదు, వజ్రమే. కొడుకు బుడంకాయ కడుపులో ఉన్నప్పుడు మొదలుపెట్టింది. రోజుకు ఒక మూట తీసుకునేది రెండు తీసుకుంది. కుట్టుకూలి మొగుడి చేతికివ్వగా మిగిలింది ఖాళీ పౌడరు డబ్బాలో వేసింది. బుడంకాయ పుట్టాడు, బోర్లాపడ్డాడు, పాకడం నేర్చాడు, దొరికిందల్లా నోట్లో పెట్టుకోవడం నేర్చాడు. డబ్బా నిండింది.

వాణ్ణి చంకనేసుకుని నగల షాపుకు వెళ్ళింది. అద్దాల బల్ల వెనక కూర్చున్న గుమాస్తా ముందు డబ్బా పెట్టి, "ఇంతే ఉందండీ. దీనికొచ్చే వజ్రం చూపించండి" అంది. ఇంకొకడైతే నవ్వేవాడే. గుమాస్తా నవ్వలేదు. మడిచిన కాగితప్పొట్లాలు ఒక్కొక్కటే విప్పి చూపిస్తూ బేరం కిటుకులు తనే చెప్పాడు. కాస్త పసుపు ఛాయ ఉన్న రాయి తీసుకుంటే దిగుతుందట, బంగారంలో కూర్చున్నాక ఆ పసుపు ఎవరికీ కనపడదట. అంచున మచ్చ ఉన్నదైతే ఇంకా దిగుతుందట.

"మచ్చ కనపడదా అండీ?"

"గోటి కిందికి తోసేస్తామమ్మా. మీకు తెలుసు, నాకు తెలుసు. మూడోవాడికి తెలీదు."

అలా ఒక రాయి దొరికింది, పెసరగింజంత. అంచున పెన్ను మొనతో చుక్క పెట్టినట్టు నల్లటి మచ్చ. భూతద్దంలో చూసి ఆమె దానికి మనసిచ్చేసింది. తనలాంటిదే అనిపించింది కాబోలు. మళ్ళీ మళ్ళీ చూసింది.

"మచ్చ లేనిది అసలు రాదా?" అని ఊరికే అడిగింది.

"మీ డబ్బుకు రాదు. వచ్చిందని ఎవరైనా అంటే అది వజ్రం కాదు" అన్నాడు గుమాస్తా. తర్వాత ఆమె ఉంగరం తీసుకుని కంటి దగ్గర పెట్టుకున్నాడు. "దీని రాయి ఏమైందమ్మా?"

"గిన్నెలు తోముతుంటే ఊడిపోయి తూములో కొట్టుకుపోయిందట. మా అత్తగారు చెప్పారు."

"ఊడిపోతే గోళ్ళు ఇలా బయటికి వాలవు. ఎవరో కత్తిమొన పెట్టి తవ్వి తీశారు" అని ఉంగరం తిరిగి ఇచ్చేశాడు.

ఎవరు తవ్వి ఉంటారో ఆమెకు చప్పున అర్థమైంది. మామగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయనకు పేకాట పిచ్చి. ఇంట్లో మంచాలతో సహా ఆడేశాడని చుట్టాలు చెప్పుకుంటారు. అత్త మాత్రం ఒక్కరోజూ ఆ మాట ఒప్పుకోలేదు. మంచానికి చెద పట్టిందనేది, రాయి ఊడిపోయిందనేది. ఆయన పోయాక కొడుకులిద్దరి చేతా ఒట్టు వేయించుకుంది. "మీలో ఎవడు పేకముక్క ముట్టాడని తెలిసినా ఈ నోట్లో మంచినీటి చుక్క పొయ్యను, ఎండి చస్తాను" అంది. కొడుకులు ముట్టలేదు. ఆవిడకు తెలిసినంతవరకు.

మొగుడికి చెప్పకుండా కొనడం బాగుండదని బయానా మాత్రం ఇచ్చి చిన్న కోడలు ఇంటికొచ్చింది. తక్కిన డబ్బు పట్టుకెళ్ళి రాయి తెచ్చుకోవడమే మిగిలింది. ఆ సాయంత్రం మొగుడు డబ్బా చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. వాడు టైల్స్ షాపులో సేల్స్‌మన్. బేరాలన్నీ తనకే తెలుసనుకునే మనిషి.

"ఆడవాళ్ళు వెళ్తే ఒకటికి రెండు చెప్తారు. నేను వెళ్ళి మాట్లాడతాను. అదే డబ్బుకు ఇంకా మంచిది తెస్తాను చూడు."

"అదే రాయి తెండి. మచ్చ ఉన్నది."

"మచ్చ ఎందుకే నీ మొహం!"

మర్నాడు తెచ్చాడు. మడిచిన కాగితం విప్పితే రాయి ధగధగా మెరిసింది. మచ్చ లేదు. పసుపు లేదు. నీటిబొట్టులా ఉంది. "చూశావా? అలా కూర్చోబెట్టి అడిగాను. వాడే దారికొచ్చాడు" అన్నాడు. గుమాస్తా మాట ఆమె చెవిలో ఒక్కసారి రొదపెట్టింది. కానీ మొగుడు జీవితంలో మొదటిసారి తన కోసం ఒక వస్తువు తెచ్చి ఎదురుగా నిలబడి ఉన్నాడు. అనుమానించడానికి నోరు రాలేదు. "చాలా బాగుందండీ" అంది. నిజంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ రాయి ఒక్క రాత్రే ఇంట్లో ఉంది.

పొద్దున్న ఆమె నీళ్ళ బకెట్టుతో లోపలికొచ్చేసరికి అత్త మంచం మీద కాళ్ళు చాపుకుని, కాగితం ఒళ్ళో విప్పి పెట్టుకుని, రాయిని కిటికీకేసి ఎత్తి చూస్తోంది. "గాజుముక్కలా ఉందేమే" అని వెక్కిరించబోయింది. తుమ్మొచ్చింది. రాయి ఎగిరి చాప మీద పడింది. చాప మీద బుడంకాయ ఉన్నాడు. వాడికేం కావాలి? ముద్దుగా వేలూ బొటనవేలూ కలిపి ఎత్తుకున్నాడు, నోట్లో వేసుకున్నాడు. ఆమె బకెట్టు వదిలేసి వచ్చి నోట్లో వేలు పెట్టేసరికి చిగుళ్ళు తప్ప ఏమీ తగల్లేదు. వాడు నవ్వాడు.

"మింగేశాడే! వజ్రం మింగేశాడే! పేగులు కోసేస్తుందే నాయనోయ్!" అత్త గుండెలు బాదుకుంది.

వజ్రం మింగితే చచ్చిపోతారన్న సంగతి చిన్న కోడలికి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఓడిపోయిన రాజులు వేలి ఉంగరం నాకి ప్రాణం తీసుకునేవారని వాళ్ళమ్మమ్మ చెప్పేది. చదువు మధ్యలో ఆగిపోయిన మనిషికి అమ్మమ్మ చెప్పినదే చదువు. వాణ్ణి ఎత్తుకుంటే కదులుతుంది, కదిలితే కోస్తుంది. ఎత్తుకోకపోతే ఆస్పత్రికి ఎలా వెళ్ళడం? ఆఖరికి వాణ్ణి చాపతో సహా ఎత్తారు, శవాన్ని మోసినట్టు. ఆటోలో కుదుపు వచ్చినప్పుడల్లా, "మెల్లగా పోనీరా నీకు పుణ్యముంటుంది!" అని అత్త అరుస్తూనే ఉంది.

పిల్లల ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, వాడి పొట్ట నొక్కి చూసి, తేలిగ్గా చెప్పేసింది. "చిన్నది, నున్నగా ఉంది. తనంతట తనే వచ్చేస్తుంది. పాలివ్వండి, మామూలుగా ఆడుకోనివ్వండి. సాయంత్రం దాకా మంచం ఇస్తాను, ఊరికే చూడ్డానికి."

"అది మామూలు రాయి కాదండీ. వజ్రం" అంది చిన్న కోడలు.

"అయితే జాగ్రత్తగా కడుక్కోండి" అని నవ్వుతూ పక్క మంచానికి వెళ్ళిపోయింది డాక్టరమ్మ.

అత్త మూతి తిప్పింది. "మెళ్ళో పూసల దండ తప్ప బంగారం తీగ లేదు. ఇది వజ్రం ఎప్పుడైనా చూసిందా? పాలిస్తే పేగులు కదులుతాయి. కదిలాయో, బ్లేడు లాగినట్టే. చుక్క ఇవ్వకు. చేతులు పట్టుకో. కదలనివ్వకు."

మొగుడు షాపు నుంచి పరిగెత్తుకొచ్చాడు. సంగతి విని మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు. మొహం పాలిపోయింది. "ఏవండీ, డాక్టరమ్మేమో పాలివ్వమంటోంది. అత్తయ్యేమో వద్దంటున్నారు. ఏం చెయ్యను?" అని అడిగింది ఆమె.

వాడు తల్లి వంక చూశాడు, నేల వంక చూశాడు. "అమ్మ మాట విందాం. ఈ డాక్టర్లకేం తెలుసు?" అన్నాడు. టీ తాగొస్తానని లేచి వెళ్ళిపోయాడు.

బుడంకాయ ఏడుపు మొదలుపెట్టాడు. మొదట మామూలు ఏడుపే. తల్లి పక్కనే ఉంది, వాసన తెలుస్తోంది, అయినా నోటికి అందడం లేదు. తర్వాత కోపం ఏడుపు. కాళ్ళు తన్నబోతే నాయనమ్మ మోకాళ్ళు పట్టుకుంది, తల్లి రెండు మణికట్లూ పట్టుకుంది. వాడు తలొక్కటీ ఇటూ అటూ కొట్టుకున్నాడు. వాడు ఏడ్చినప్పుడల్లా ఆమె గుండెల్లోకి పాలు ఎగదన్నాయి. జాకెట్టు తడిసి, పమిట తడిసి, కాసేపటికి రొమ్ములు రెండూ రాళ్ళయి సలిపాయి. పాల వాసనకు వాడు ఇంకా ఏడ్చాడు. తడిగుడ్డ పెదవులకు అద్దితే ఆ గుడ్డనే చప్పరించాడు. అదీ లాగేసింది అత్త. "నీళ్ళైనా నీళ్ళే, లోపలికి పోతాయి."

డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. "ఇంతలా ఏడుస్తున్నాడేం? పాలిచ్చారా?"

"ఇచ్చామమ్మా, ఇప్పుడే కడుపునిండా తాగాడు. నిద్రకు ఏడుస్తున్నాడు" అంది అత్త, కళ్ళు కూడా ఆర్పకుండా. చిన్న కోడలు తల దించుకుంది. చాపలో, ఆటోలో, మంచం మీద, ప్రతిచోటా తనే వాణ్ణి చంపుతున్నట్టు ఉంది. వజ్రం కావాలన్నది తను. డబ్బా నింపింది తను. కందిగింజ పెట్టుకుని ఊరుకుని ఉంటే ఏం పోయేది? నలుగురు నవ్వేవాళ్ళు, అంతేగా.

అప్పుడు ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. సిగ్గుపడాల్సిన ఆలోచన, అయినా దాన్నే పట్టుకు వేలాడింది. అది గాజైతే బాగుండు. గుమాస్తా మాట నిజమైతే బాగుండు. మచ్చ లేనిది వజ్రం కాకపోతే బాగుండు. భగవంతుడా, నా కష్టమంతా గాజు చెయ్యి.

మొగుడు మూడోసారి టీ తాగి వచ్చాడు. మళ్ళీ వెళ్ళబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"ఏవండీ, కోప్పడకండి. ఒక్క మాట చెప్పండి. అది నిజంగా వజ్రమేనా? గాజైతే గాజని చెప్పండి, నేనేమీ అనను. డబ్బేమైందని కూడా అడగను. వీడికి పాలిచ్చుకుంటాను, అంతే."

వాడు నోరు విప్పబోయాడు. ఒక్క క్షణం చెప్పేస్తాడనే అనిపించింది. అంతలో అత్త తలెత్తింది. "గాజేమిటే? నా కొడుకు నీకు గాజు అంటగడతాడా? ఆ డబ్బు ఏం చేసుకుంటాడు వాడు? తాగుతాడా, పేకాడతాడా? నీ నోట్లో పురుగులు పడ!"

వాడు చెయ్యి విడిపించుకున్నాడు. "నన్నే అనుమానిస్తున్నావా? అసలు సిసలు వజ్రం. కావాలంటే బిడ్డ మీద ఒట్టు" అని బుడంకాయ నెత్తిన చెయ్యి పెట్టాడు. చెమటకు తడిసి అతుక్కుపోయిన జుట్టు మీద. ఆ చెయ్యి పాలిచ్చే చెయ్యి అనుకున్నాడో ఏమో, పిల్లాడు దానికేసి నోరు తెరిచాడు.

చిన్న కోడలు మరి అడగలేదు. బిడ్డ మీద ఒట్టు పెట్టాక ఏం అడుగుతుంది? ఇక మిగిలింది ఒక్కటే. ఆ రాయి అంచులు పదునుగా ఉంటాయా, గుండ్రంగా ఉంటాయా అని అమ్మినవాణ్ణే అడగాలి. మణికట్లు అత్తకు అప్పజెప్పి, వరండాలోకొచ్చి, షాపు గుమాస్తాకు ఫోన్ చేసింది.

"నేనండీ, పౌడరు డబ్బాతో వచ్చినదాన్ని. నిన్న మావారు మీ దగ్గర తీసుకెళ్ళారే, ఆ రాయి..."

"మీవారా? ఎవరూ రాలేదమ్మా" అన్నాడు గుమాస్తా. "మీ రాయి ఇక్కడే ఉంది, మచ్చది. ఎప్పుడొచ్చి తీసుకెళ్తారా అని చూస్తున్నాను. బయానా గడువు దాటితే మా యజమాని ఊరుకోడు, కాస్త త్వరగా రండి."

ఆమె గోడకు ఆనుకుంది. నవ్వొచ్చింది. వరండాలో తుడుస్తున్న ఆయమ్మ ఆగి చూసేంత గట్టిగా నవ్వొచ్చింది. గాజు! చక్కటి, నున్నటి, పనికిమాలిన గాజు. ఆ నవ్వుతోనే వార్డులోకి పరిగెత్తింది, అత్త చేతుల్లోంచి బిడ్డను లాక్కుంది, మంచం మీద కాళ్ళు ముడుచుకుని జాకెట్టు హుక్కులు తెంపినట్టు విప్పింది. వాడు కరిచినంత పని చేశాడు. గుటకల చప్పుడు పక్క మంచం దాకా వినపడింది.

"చంపేస్తోందే! పెట్టకే! ఒరేయ్ చిన్నోడా, లాగరా బిడ్డని!"

మొగుడు అడుగు ముందుకేశాడు. "ఇవ్వకే... కదిలితే..." అన్నాడు. ఆమె తలెత్తి వాడి మొహంలోకి చూసింది. నవ్వు అప్పుడు పోయింది. గాజని తెలిసి గంట కూడా కాలేదు తనకు. వీడికి పొద్దుట నుంచీ తెలుసు. తను మణికట్లు పట్టుకున్నప్పుడూ తెలుసు. తడిగుడ్డ చప్పరిస్తుంటే తెలుసు. నెత్తిన చెయ్యి పెట్టినప్పుడూ తెలుసు. ఒక్క మాట. మూడు సార్లు టీ తాగొచ్చాడు.

రెండో వైపుకు మార్చుకుంది బిడ్డను.

సాయంత్రానికి బిడ్డ హాయిగా నిద్రపోయాడు. ఇంటికొచ్చేశారు. పిల్లాడు బతికింది తన వల్లేనని అత్త దారంతా చెప్పింది. పొద్దుట నుంచీ కదలనివ్వకుండా పట్టుకోబట్టి వజ్రం ఒక మూల సర్దుకుందట. పైగా పాలపేగులు వెన్నలా ఉంటాయి కాబట్టి జారుకుందట. అదే ముదురు పేగులైతేనా, చీల్చి చెండాడేదట. మర్నాడు తెల్లవారాక గుడ్డలో అది బయటపడింది. చిన్న కోడలు కడిగింది, మళ్ళీ కడిగింది, మరిగే నీళ్ళలో వేసి తీసింది. అత్త ఎత్తి చూసి, "చూడు, ఎక్కడికెళ్ళొచ్చినా మెరుపు తగ్గలేదు. అసలైనది అంటే అదీ!" అంది.

మొగుడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ గబగబా వచ్చాడు. "ఇటివ్వు. ఇంకా ఇంట్లో ఉంచితే మళ్ళీ ఏం ముంచుకొస్తుందో. నేనే పట్టుకెళ్ళి పొదిగించుకొస్తాను." వాడి కళ్ళల్లో ఆత్రం ఆమెకు స్పష్టంగా కనపడింది. దారిలో ఎక్కడో పోగొట్టేస్తాడు. జేబుకు చిల్లు పడిందంటాడు. అత్త తూము కథ చెప్పినట్టే వాడూ ఒక కథ చెప్తాడు, అందరూ నమ్మేస్తారు.

అత్త చేతిలోంచి రాయి అందుకుని లోపలికి వెళ్తూ, "పాలు తాగి వెళ్ళండి" అంది.

వాడు పొద్దున్నే స్టీలు గ్లాసుడు పాలు నిలబడే తాగుతాడు, తల వెనక్కి వాల్చి, ఒక్క గుక్కలో, తూములో నీళ్ళు పోసినట్టు. పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తోంది. ఆ రోజూ అలాగే తాగాడు. చివర్లో గొంతు దగ్గర ఏదో అడ్డుపడినట్టు దగ్గాడు. చేత్తో మూతి తుడుచుకుని, "మీగడ తియ్యకుండా ఇస్తావేం? సరే, రాయి ఏదీ?" అన్నాడు.

చిన్న కోడలు గ్లాసు అందుకుని లోపలికి తొంగిచూసింది. అడుగున ఏమీ లేదు.

"అయ్యో, చెప్పడం మర్చిపోయాను. ఆ గ్లాసులోనే వేసి ఉంచానండీ, మళ్ళీ బుడంకాయ చేతికి దొరక్కుండా. పాలు పోసేటప్పుడు చూసుకోలేదు" అంది.

అత్త వేసిన కేకకు పక్కింటి కిటికీ తెరుచుకుంది.

"వజ్రం మింగావురా నా తండ్రీ! పడుకో! కదలకు! ముదురు పేగులురా నీవి!" ఆవిడకు అంత బలం ఎక్కణ్ణుంచొచ్చిందో, కొడుకు భుజాలు పట్టుకుని మంచం మీదికి తోసేసింది.

"ఏం కాదమ్మా. డాక్టరు చెప్పిందిగా నిన్న, తనే వచ్చేస్తుందని."

"డాక్టరుకేం తెలుసు? నువ్వేగా అన్నావు నిన్న, ఈ డాక్టర్లకేం తెలుసని! కాళ్ళు చాపు. మాట్లాడకు, మాట్లాడితే పొట్ట కదులుతుంది."

వాడు దగ్గాడు. గొంతులో ఇంకా గరగర ఉంది. "కాసిని మంచినీళ్ళివ్వవే" అన్నాడు పెళ్ళాంతో. చిన్న కోడలు లేచి బిందె దగ్గరికి వెళ్ళింది కూడా. అత్త గ్లాసు లాక్కుని నీళ్ళు వీధిలోకి పారబోసింది. "చుక్క పొయ్యకు! నీళ్ళు పోస్తే చంపినట్టే! అది బయటపడేదాకా అన్నం లేదు, నీళ్ళు లేవు. పెద్దోడికి కబురు పెడతాను, వాడొచ్చి పెద్దాస్పత్రికి తీసుకెళ్తాడు. కోయించైనా తీయిస్తాను."

కోయించడం అనే మాట దగ్గర వాడి మొహం మారింది. లేవబోయాడు. తల్లి గుండెల మీద రెండు చేతులూ ఆనించి కూర్చుంది.

"అమ్మా, విను. అది వజ్రం కాదు. గాజు. రోడ్డు పక్కన కొన్నాను."

"ఏమన్నావ్?"

"గాజమ్మా! డబ్బు పోయింది. షాపు వెనక గోడౌన్‌లో ఆడతాం, పేక. పోయింది. దీనికి తెలియకూడదని గాజు తెచ్చాను."

అత్త కొడుకు మొహంలోకి చాలాసేపు చూసింది. ఆవిడ చూపు ఒక్కసారి కోడలి వేలి మీది ఉంగరం మీదికి వెళ్ళింది, బయటికి వాలిన ఆ నాలుగు గోళ్ళ మీదికి. అక్కడే కాసేపు ఆగింది. తర్వాత ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"విన్నావటే? నేను భయపడుతున్నానని, నాకు ధైర్యం చెప్పడానికి తన మీదే నింద వేసుకుంటున్నాడు. చావు నెత్తిమీదున్నా తల్లి గురించే ఆలోచన. నా కొడుకు పేక ముట్టడు. వాళ్ళ నాన్నా ముట్టలేదు." వాడి నోటి మీద అరచెయ్యి పెట్టింది. "ఇంక మాట్లాడకు నాన్నా. పొట్ట కదులుతుంది."

వాడు ఆ చెయ్యి తప్పించి పెళ్ళాం వైపు తిరిగాడు. అప్పుడర్థమైంది వాడికి, నిన్న ఆస్పత్రిలో ఆమె చూసిన చూపేమిటో. "నీకు తెలుసు. నువ్వైనా చెప్పవే. షాపుకి ఫోన్ చేసి ఇవ్వు అమ్మకి. ఒక్క మాట!"

ఫోన్ కిటికీలోనే ఉంది. గుమాస్తా నంబరు అందులోనే ఉంది.

"నాకేం తెలుసండీ?" అంది చిన్న కోడలు. "మీరు బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి వజ్రమన్నారు. నేను నమ్మాను."

"అదీ మాట!" అంది అత్త. "కాళ్ళు పట్టుకో, ఊరికే చూస్తావేం?"

"బిడ్డకు పాలివ్వాలి అత్తయ్యా. మీరు పట్టుకోండి."

గోడవార చాప మీద కూర్చుని బుడంకాయను ఒళ్ళోకి తీసుకుంది. వాడు తాగుతూ తాగుతూ మధ్యలో ఆగి, మంచం మీద తన్నుకుంటున్న కాళ్ళకేసి చూసి నవ్వాడు, మళ్ళీ తాగాడు. అత్త గుడ్డ తడిపి కొడుకు పెదవులకు అద్దింది. వాడు దాన్ని చప్పరించబోతే లాగేసింది.

పొద్దుటి మూట గుమ్మంలో వచ్చి పడింది. బిడ్డ ఒళ్ళోనే నిద్రపోయాక చిన్న కోడలు పై చొక్కా అందుకుంది, సూదిలోకి దారం ఎక్కించింది. మొదటి గుండీకే దారం వెళ్ళి ఉంగరం గోటికి తగులుకుంది. లాగలేదు, తెంపలేదు. నిదానంగా విడదీసుకుని రెండో గుండీ మొదలుపెట్టింది. మధ్యాహ్నం కావడానికి ఇంకా చాలా పొద్దుంది.